సముద్రాన్ని ఎరుపెక్కించిన క్రియ

ప్రశ్న: షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో ‘ఇన్‌కార్నడైన్’ అనే క్రియ కనిపించింది. అవతారమనే అర్థమున్న ‘ఇన్‌కార్నేషన్’కూ దీనికీ సంబంధముందా? మామూలు రచనలో దీన్ని వాడవచ్చునా?

జవాబు: సంబంధముంది. రెండింటికీ మూలం మాంసమనే అర్థంగల లాటిన్ పదమే. శరీరం ధరించడం ఇన్‌కార్నేషన్ కాగా, మాంసపు ఛాయను పోలిన లేత గులాబిరంగుకు ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లో ఏర్పడిన విశేషణం ఇంగ్లీషులో ఇన్‌కార్నడైన్ అయింది. దాని క్రియారూపానికి నిఘంటువులు చూపే తొలి ప్రయోగం, 1606 ప్రాంతంలో రచించినట్లు భావించే ఈ నాటకంలోని రెండో అంకం, రెండో రంగంలోనిదే.

డంకన్ రాజును నిద్రలో చంపి వచ్చిన మాక్‌బెత్ తన చేతులు చూసుకుని, వరుణదేవుడి వంటి నెప్ట్యూన్ ఏలే మహాసముద్రమంతా కూడా ఈ నెత్తుటిని కడగగలదా అని ప్రశ్నించుకుంటాడు. కడగలేదు సరికదా, ఈ చెయ్యే అసంఖ్యాక సాగరాలను ఎర్రబరిచి, ఆ పచ్చదనాన్నంతా ఒకే ఎరుపు చేస్తుందని తానే జవాబు చెప్పుకుంటాడు. ఇక్కడ ఇంగ్లీషు మూలంలో కర్మపదం ముందు వచ్చి ‘ఇన్‌కార్నడైన్’ అనే క్రియ చివర నిలవడం మన తెలుగు వాక్యక్రమమే. లాటిన్ నుంచి వచ్చిన ‘మల్టిట్యూడినస్’ (అసంఖ్యాక), ‘ఇన్‌కార్నడైన్’ అనే రెండు దీర్ఘపదాల వెంటనే, అదే భావాన్ని చెప్పే చిన్న చిన్న దేశీయపదాల పంక్తి వస్తుంది. సంస్కృత సమాసం తరువాత అచ్చ తెలుగు మాటలు పడినప్పటి బలం దానికుంది. ఆ క్రియ అర్థం తెలియని ప్రేక్షకుడికి కూడా తరువాతి పంక్తి దాన్ని విప్పి చెబుతుంది. నా దృష్టిలో షేక్‌స్పియర్ ప్రతిభ ఆ అరుదైన పదాన్ని ఎంచుకోవడంలో కన్నా, దాని పక్కన ఈ సాదా మాటలను నిలపడంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. (1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటంలో, ఆ పంక్తిలోని ‘వన్’ (ఒకటి) అనే మాట తరువాత కామా ఉంది, ఆధునిక సంపాదకులు చాలామంది దాన్ని తొలగించి, ‘అంతా ఒకే ఎరుపు’ అనే అర్థాన్నే గ్రహించారు.) కాసేపటికే అతని భార్య లేడీ మాక్‌బెత్ వచ్చి, కొంచెం నీళ్లు చాలు, ఈ పని మననుంచి కడిగిపోతుందంటుంది.

ఈ ప్రయోగం తరువాత ఆ పదానికి గులాబిఛాయ వెనకబడి, నెత్తుటి ఎరుపు స్థిరపడింది. అయితే 1859లో ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఇంగ్లీషు చేసిన ఫిట్జెరాల్డ్, బుల్‌బుల్ పిట్ట పసుపు గులాబీ చెక్కిలి ఎరుపెక్కాలని ఎర్రని మధువును కోరే సందర్భంలో ఇదే క్రియను వాడాడు. అక్కడ హత్య నీడ లేదు. కాబట్టి ఆ పద్యంలో దీన్ని ‘కెంపెక్కించు’ అనవచ్చును, మాక్‌బెత్ మాటల్లో మాత్రం ‘నెత్తుటి రంగు చేయు’ అనడమే ఉచితం.

మామూలు వచనంలో దీన్ని వాడవద్దనే నా సలహా. సంధ్యాకాంతి మేఘాలను ఎర్రబరిచిందని చెప్పడానికి ‘రెడెన్’ చాలు. ఇన్‌కార్నడైన్ అన్నారంటే చదువరికి వెంటనే ఆ రక్తసిక్తమైన చేతులే గుర్తుకు వస్తాయి.