అలాస్కా ఓడ ఎక్కే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అమ్మానాన్నల్నో అత్తమామల్నో అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్లాలనుకునేవాళ్లవే. కాబట్టి జవాబులు కూడా పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారు, మామగారు మే నెలలో రాజమండ్రి నుంచి వస్తున్నారు. జులైలో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అలాస్కా అమెరికాదే కదా, వాళ్లిద్దరికీ పదేళ్ల అమెరికా వీసా ఉంది, మాకు గ్రీన్‌కార్డులున్నాయి. ఇంకేమైనా కాగితాలు కావాలా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: కావాలండీ, వాళ్లిద్దరికీ కెనడా వీసా కావాలి. డబ్బు కట్టకముందే చూసుకోవాల్సింది ఇదే. సియాటిల్‌లో బయల్దేరి మళ్లీ సియాటిల్‌కే వచ్చే పెద్ద ఓడలు దారిలో కెనడా రేవులో, సాధారణంగా విక్టోరియాలో, ఆగుతాయి. చాలాసార్లు సాయంత్రం పూట కొన్ని గంటలే. దీనికి కారణం 1886 నాటి అమెరికా చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు, మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టరైనవే, అందుకని ఈ విక్టోరియా.

"మేం అక్కడ దిగం, గదిలోనే కూర్చుంటాం" అంటే కుదరదు, సియాటిల్‌లో ఓడ ఎక్కేటప్పుడే అడుగుతారు. నేను మా అమ్మతో వెళ్లినప్పుడు చెకిన్ వరుసలో మా ముందు ఒక తెలుగు కుటుంబం ఉంది. పెద్దాయన ఫైల్లోంచి పాస్‌పోర్టు తీసి అమెరికా వీసా పేజీ మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు, కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే తల అడ్డంగా ఊపుతోంది. సూట్‌కేసులు అప్పటికే ఓడలోకి వెళ్లిపోయాయి, వాటిని వెనక్కి తెప్పించేదాకా ఆ పెద్దావిడ ఓ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కాగితాలు లేక ఎక్కలేకపోతే కట్టిన డబ్బు కూడా సాధారణంగా తిరిగి రాదు.

మీకు గ్రీన్‌కార్డుతో పాటు గడువున్న పాస్‌పోర్టు ఉంటే చాలు. వాళ్లకి మాత్రం ఇండియాలో ఉండగానే అప్లై చేయించండి, వేలిముద్రలు హైదరాబాద్‌లో ఇవ్వొచ్చు. వీసా ఓకే అయ్యాక స్టాంపింగ్‌కి పాస్‌పోర్టులు ఇవ్వాలి, అవి చేతికొచ్చేదాకా విమానం ఎక్కడం కుదరదు, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. అమెరికా వచ్చాక కూడా చేయొచ్చు గానీ పెద్దవాళ్ల పాస్‌పోర్టులు పోస్టులో ఉన్నన్నాళ్లూ ఇంట్లో అందరికీ టెన్షనే.

ఇంకొకటి. కెనడాలో ఆగి వస్తున్నాం కదా, అమెరికాలో ఉండటానికి ఇచ్చిన ఆరు నెలల గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుందని కొందరు లెక్కలేస్తారు. 30 రోజుల లోపు వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువే నడుస్తుంది. రిటర్న్ టికెట్లు దాన్ని బట్టే ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, బీపీ. ఓడ ఊగితే తట్టుకోగలదా? ఏ గది తీసుకోవాలి? కిటికీ లేని గది చాలా చవగ్గా ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అలాస్కా దారిలో ఎక్కువ భాగం దీవుల మధ్య నుంచే సాగుతుంది, అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయి. కాకపోతే సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే పసిఫిక్ మీదుగా వెళ్తాయి, ఆ రోజు ఊపు తెలుస్తుంది. వాంకూవర్ నగరంలో బయల్దేరే ఓడలకి ఆ బాధ తక్కువ. గది ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో, లిఫ్టుకి దగ్గరగా తీసుకోండి. వాంతుల మాత్ర తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు, ముందే వేసుకోవాలి. అయితే వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది, బీపీ మందులు వాడే మనిషి మగతలో లేచి నడిస్తే పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి మీ డాక్టర్‌ని అడిగాకే.

చవగ్గా ఉందని కిటికీ లేని గది మాత్రం తీసుకోకండి. మోకాళ్ల నొప్పులున్నావిడ రోజంతా పై డెక్ మీద నిలబడలేదు. బాల్కనీ ఉంటే శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చునే కొండలూ మంచూ చూస్తుంది. డబ్బు తగ్గించుకోవాలంటే ఒడ్డు మీద టూర్లు తగ్గించుకోండి, ఆ ఖర్చు చిన్నది కాదు.

ఓడలో డాక్టర్, నర్సులు ఉంటారు. బిల్లు నేరుగా గది ఖాతాలో పడుతుంది, ఇన్సూరెన్స్ నుంచి తర్వాత మీరే రాబట్టుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు క్రూజ్‌లో చెల్లుతుందా, పాత జబ్బు తిరగబెడితే ఇస్తారా, ఓడ నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు భరిస్తారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మందులు సూట్‌కేసులో వద్దు. అది గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రి భోజనం వేళవుతుంది.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. వారం రోజులు బ్రెడ్డు తిని ఉండాలా? చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఏవీ కుదరవండీ. అగ్నిప్రమాదం భయంతో స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా చాలా కంపెనీలు రానివ్వవు, షాపులో సీలు వేసిన కందిపొడి, పచ్చడి ప్యాకెట్లయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బుక్ చేసినప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించండి. మొదటి రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని పిలిచి, ఉల్లి వెల్లుల్లి తినకపోతే అదీ చెప్పండి. వంటింట్లో మనవాళ్లు చాలామందే ఉంటారు. మాకు రెండో రాత్రి నుంచి పప్పు, ఒక కూర, వేడి రోటీ అడక్కుండానే వచ్చాయి, మా అమ్మ పెరుగు అడిగితే వంటాయన పెద్ద గిన్నెతో తనే తెచ్చి, ఇంకేం కావాలో హిందీలో అడిగి వెళ్లాడు. తినే ముందు చేతులు సబ్బుతోనే కడుక్కోండి, ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగా లొంగదు.

ప్రశ్న: గ్లేసియర్ బే వెళ్లే ఓడకి ధర ఎక్కువుంది. తేడా నిజంగా ఉంటుందా?
– యువ దంపతులు, శాన్ హోసే

జవాబు: ఉంటుంది. అది నేషనల్ పార్క్, రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడలకి మించి అనుమతించరు. పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి మైకులో అన్నీ వివరిస్తారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ నౌకలు అటు వచ్చినప్పుడు ఇప్పుడున్న ఆ బే అంతా దాదాపు మంచే, తర్వాత అది 100 కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. అక్కడి మార్జరీ గ్లేసియర్ (హిమానీనదం) ముందు ఓడ ఆగి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఏ వైపు బాల్కనీ అయినా ఒకటే. ఇంటి ఎత్తు మంచు పెళ్ల విరిగి నీళ్లలో పడుతుంది, చప్పుడు మాత్రం కాసేపటికి వస్తుంది. అది విన్న తర్వాతే ఆ మంచు గోడ ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో అర్థమవుతుంది. బడ్జెట్ సరిపోకపోతే ఎండికాట్ ఆర్మ్ అనే సన్నటి సముద్రపాయలోకి వెళ్లే ఓడ చూడండి, అక్కడ డాస్ గ్లేసియర్ కూడా బాగుంటుంది.

ప్రశ్న: ఓడ ఎక్కే రోజు ఉదయం ఫ్లైట్‌కి సియాటిల్ చేరితే సరిపోతుందా? దిగే రోజు ఎన్నింటికి బుక్ చేయాలి?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: ముందురోజే చేరండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు, తర్వాతి రేవులో ఎక్కుదామన్నా అన్నిసార్లూ ఒప్పుకోరు. దిగే రోజు మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఫ్లైట్ పెట్టుకోండి. చివరి రాత్రి పెద్ద బ్యాగులు గది బయట పెట్టమంటారు, అవి మళ్లీ ఒడ్డు మీదే దొరుకుతాయి. పాస్‌పోర్టులు, మందులు, మర్నాడు కట్టుకోవాల్సిన బట్టలు, చెప్పులు చేతిసంచిలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే బ్యాగులు బయట పెట్టండి.