అర్జీలో పట్టని మాటలు

అమ్మీ,

నీ మెసేజ్ రాత్రి పదకొండు దాటాక చూశాను. "అత్తా, లాయరు రాసిన విడాకుల పిటిషన్ చదివితే అందులో ఉన్నది నేనేనా అనిపించింది, నువ్వు నోటుపుస్తకాల్లో ఏదో రాసుకుంటావంట కదా, ఎట్ల మొదలుపెట్టాలో చెప్పు" అన్నావు. ఫోన్ చేద్దామనుకున్నా గానీ పక్కన మీ నాయన ఉంటే నువ్వు "ఊఁ, ఊఁ" అంటావే తప్ప నోరు విప్పవు. అందుకే ఈరోజు మిషన్ మూసేసి, కుట్టాల్సిన జాకెట్లు పక్కన పెట్టి, నీకే రాస్తున్నా.

ముందు నా అర్జీ సంగతి వినాలి నువ్వు. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

2005లో మీ మామ పోయినప్పుడు నాకు 36 ఏళ్లు. మూడు బోర్లు వేయించాడు. మూడోసారి బోరు లారీ వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది, నీళ్లకు బదులు తెల్లటి రాతిదుమ్ము లేచి గట్టు మీది వేపచెట్టంతా పిండి చల్లినట్టు అయిపోయింది, ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు, లారీ వెళ్లిపోయినా కదల్లేదు. ఆ ఏడాది శెనక్కాయ ఊడలు దిగే టైంలో వాన మొహం చాటేసింది. మన అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే అయిదొందల యాభై మిల్లీమీటర్లు, అది కూడా కావలసినప్పుడు పడదు. మిగిలింది నీకు తెలిసిందే.

అప్పుడు 421 జీవో అని ఒకటి ఉండేది, 2004లో వచ్చింది. ఇట్ల పోయిన రైతు కుటుంబానికి లక్ష, అప్పులు తీర్చడానికి యాభై వేలు, మొత్తం లక్షన్నర. దానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అసిస్టెంట్ డైరెక్టరు ముగ్గురూ కమిటీగా కూర్చుని, ఇది అప్పుల వల్లనే జరిగిందా కాదా అని తేల్చాలి. అర్జీ పెట్టుకోమన్నారు. ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికి పోతే నన్ను నాలుగే నాలుగు అడిగాడు: పేరు, పొలం ఎన్ని ఎకరాలు, అప్పు ఎంత, చనిపోయిన తేదీ. "దివ్య సముఖమునకు వ్రాసుకొన్న అర్జీ ఏమనగా" అని మొదలుపెట్టి పది నిమిషాల్లో ముగించాడు. అందులో మీ మామ "మృతుడు". నేను "మృతుని భార్య". ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, అయినా అందులో మేమిద్దరం లేము.

పాసుబుక్కు మా మామగారి పేరు మీద ఉందని ఫైలు వెనక్కి వచ్చింది. మళ్లీ రాయించాను. మళ్లీ వచ్చింది. రాసినాయనకు ప్రతిసారీ డబ్బులివ్వలేక, తొమ్మిదో తరగతి చదువుకున్నదాన్ని కదా అని నేనే రాయడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు రాశానంటే ఆ వాక్యాలు నిద్రలో కూడా వచ్చేవి. ఒకరోజు రాత్రి పిల్లలు పడుకున్నాక బుడ్డీదీపం పెట్టుకుని రాస్తున్నా. "అప్పుల బాధ తాళలేక" అనేదాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత రాయాల్సింది రాయకుండా, ఎందుకు రాశానో తెలీదు, "ఆయనకు చింతాకు పప్పంటే ప్రాణం" అని రాశాను. దాని కింద ఇంకొకటి. శెనక్కాయ పీకేటప్పుడు ఆయన మొదటి చెట్టు పీకి, కాలి మడమకు కొట్టి మట్టి దులిపి, కాయలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఒకటి పగలగొట్టి, పప్పు ముందు నా చేతిలో పెట్టేవాడు, తర్వాతే తను తినేవాడు. అది రాశాను. తెల్లారి ఆ కాగితం ఆఫీసుకు పట్టుకెళ్లలేదు. డబ్బులు కూడా రాలేదనుకో, అది వేరే కథ. కానీ ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో చీరల మధ్య ఉంది.

నీ పిటిషన్ కూడా అట్లాంటిదే అమ్మీ. లాయరును తప్పు పట్టొద్దు, కోర్టుకు కావలసింది అదే. పెళ్లి తేదీ, విడిగా ఉంటున్న తేదీ, కలిసి ఉండడం కుదరదు అన్న మాట. నిన్ను అందులో వెతుక్కోవద్దు. ఇద్దరూ ఒప్పుకుని వేసిన కేసు కాబట్టి మళ్లీ పిలవడానికి ఆరు నెలలు పడుతుంది అన్నావు కదా, ఆ ఆరు నెలలూ నీవే. గోడ వైపు తిరిగి పడుకుని గడపొద్దు.

ఎట్ల రాయాలంటే, "నాకు చాలా బాధగా ఉంది" అని మొదలుపెట్టొద్దు. ఆ మాట రాస్తే ఇంకో మాట రాదు, నేను చూశాను. ఒక వస్తువు పట్టుకో. నువ్వు బెంగళూరు ఇంట్లోంచి తెచ్చుకున్నవి రెండు సూట్‌కేసులే కదా. ఏం తెచ్చుకున్నావు, ఏం వదిలేశావు? వదిలేసిన వాటిలో ఒకటి రాయి. అది ఎక్కడ కొన్నావు, ఎవరు బేరమాడారు, వచ్చేసే రోజు అది ఏ అరలో ఉంది, దాని వైపు చూశావా లేదా. అంతే. కన్నీళ్లు వస్తే వస్తాయి, రాకపోయినా ఏం కాదు, వస్తువును మాత్రం వదలొద్దు.

మా అత్త, మీ మామ వాళ్లమ్మ, శోకం పెట్టి ఏడ్చినప్పుడు వినాలి నువ్వు. "పొద్దున లేచి ఏ గట్టు వైపు చూసేది నాయనా, సద్ది మూట ఎవరికి కట్టేది, నీ ఎడమకాలి చెప్పు తెగిందంటివి గదరా, కుట్టించకపోతిని గదరా" అని రాగం తీసి ఏడ్చింది. చెప్పు తెగిన సంగతి! ఆ మాటకు ఊరి ఆడవాళ్లంతా కుమిలిపోయారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. మన ఆడవాళ్లు చదువు లేని రోజుల నుంచీ శోకాల్లో, రోకటిపాటల్లో చేసింది ఇదే, పెద్ద దుఃఖాన్ని చిన్న వస్తువుకు కట్టి బయటికి లాగడం. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు. రాయిలా కూర్చున్నానని ఊళ్లో మాటలు కూడా అన్నారు. నా శోకం నేను కాగితం మీద పెట్టుకున్నా, అంతే తేడా.

టైం విషయానికొస్తే రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఇది నా లెక్క కాదు. అమెరికాలో పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసరు 1986లో కాలేజీ పిల్లల చేత నాలుగు రోజులు వరసగా, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున, మనసులో బాగా బరువుగా ఉన్నదాన్ని రాయించాడు. జరిగిందీ, దాని గురించి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టరు దగ్గరికి తక్కువసార్లు పోయారంట. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా దిగులు పడిందని కూడా అందులోనే ఉంది. మా అబ్బాయి ఇది చదివి వినిపించినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే నేను రాసిన ప్రతి రాత్రీ అట్లనే ఉండేది, తప్పు చేస్తున్నానేమో అని భయపడేదాన్ని. నువ్వు కూడా రాసి లేవగానే తేలికపడతావని అనుకోవద్దు. లేచి మొహం కడుక్కో, మీ అమ్మకు వంకాయలు తరిగిపెట్టు, కాసేపు ఎవరితోనైనా ఉండు. పుస్తకం పది రోజుల దాకా వెనక్కి తిప్పి చదవొద్దు.

అక్షర దోషాలు చూసుకోవద్దు. "అట్ల, ఇట్ల" అని నీ నోటికి ఎట్ల వస్తే అట్లనే రాయి, పుస్తకాల భాషలోకి మార్చొద్దు. నేను మొదట్లో "ఆయన మరణించెను" అని రాసేదాన్ని, అది చదువుతుంటే ఎవరి మొగుడి గురించో చదువుతున్నట్టుండేది. మీ అత్తగారు అన్న మాటలు కూడా ఆమె ఎట్ల అన్నదో అట్లనే రాయి. ఒక్క మాట కూడా పెంచొద్దు, తగ్గించొద్దు.

ఇప్పుడు చెప్పేది కష్టమైన మాట. ఎవరికీ చెప్పలేదు, మీ నాయనకు కూడా.

ఆయన పోయే ముందు రోజు రాత్రి మేమిద్దరం కొట్లాడాం. పాప స్కూలు ఫీజు దగ్గర మొదలైంది. "నీ చేతగాని సేద్యం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచాడు. నోటుపుస్తకాలు మూడు నిండినా ఆ ఒక్క మాట రాయలేదు నేను. వాన గురించి రాశాను, వడ్డీలోళ్ల గురించి రాశాను, ఆఫీసుల గురించి పేజీలకు పేజీలు రాశాను, అందరి తప్పులూ రాశాను. నాలుగేళ్లు పట్టింది ఆ మాట దాకా రావడానికి. రాసిన రోజు మిషన్ మీద తల పెట్టి ఎంతసేపు ఉన్నానో తెలీదు. కానీ అంతవరకూ ఆ మాట నా గొంతులో ముల్లులా ఉండి, అదొక్కటే మా పదిహేనేళ్ల కాపురం అన్నట్టు ఉండేది. కాగితం మీద పడ్డాక చూస్తే అది ఒక రాత్రి, ఒక వాక్యం. దాని ముందు పేజీల్లో శెనక్కాయ పప్పు నా చేతిలో పెట్టిన మనిషి ఉన్నాడు, ఆ పప్పు తిన్న నేనూ ఉన్నాను. నీకు కూడా అట్లాంటిది ఒకటి ఉంటుంది అమ్మీ, ఉండే ఉంటుంది. తొందరపడి దాని దగ్గరికి పోవద్దు. అది ఉందని మాత్రం తెలుసుకుని రాస్తూ ఉండు.

రాస్తుంటే నిద్ర పట్టక, అన్నం సయించక, బతకడం ఎందుకు అన్న ఆలోచన వచ్చిందా, ఆ క్షణమే పెన్ను పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. నాతో చెప్పలేకపోతే 14416కు చెయ్యి, టెలీ మానస్ అంటారు, పైసా ఖర్చు లేదు, ఏ టైంలోనైనా తెలుగులోనే మాట్లాడతారు. మీ మామ ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా పోయాడు. మన ఇంట్లో ఇంకెవరూ అట్ల మూగగా ఉండడానికి నేను ఒప్పుకోను.

కొన్నాళ్లు పోయాక ఇంకోటి చేసి చూడు. జరిగినదాన్నే "నేను" అనకుండా వేరే ఎవరికో జరిగినట్టు కథగా రాయి, పేరు మార్చు, ఊరు మార్చు. నేను ఒకసారి మా అత్త వైపు నుంచి రాశాను. కొడుకు పోయాక ఆమె నన్ను చాలా మాటలు అన్నది, ఆ కోపంతోనే కూర్చున్నా. కానీ ఆమె లోపలికి పోయి రాస్తుంటే ఆ తెగిన చెప్పు గుర్తొచ్చింది, దాన్ని ఆమె కుట్టించి దేవుడి గూటి పక్కన పెట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. అన్ని రోజులూ కళ్లెదుట ఉన్నా నేను పట్టించుకోలేదు. ఆ కథ పూర్తయ్యాక మా మధ్య అంతా బాగైపోయిందని చెప్పను గానీ, పొద్దున ఆమెకు కాఫీ ఇచ్చేటప్పుడు గ్లాసు ఠక్కున పెట్టడం మానేశాను. మీ ఆయన వైపు నుంచి ఇప్పుడే రాయమని అనడం లేదు, నీకు రాయాలనిపిస్తేనే.

ఎవరికీ చూపించొద్దు ఇప్పుడే. కేసు నడుస్తున్నంత కాలం ఫేస్‌బుక్‌లో గానీ వాట్సాప్ స్టేటస్‌లో గానీ ఒక్క వాక్యం కూడా పెట్టొద్దు, ఎంత మంచి వాక్యమైనా సరే. రేపు అది ఎవరి చేతిలో ఏ కాగితంగా మారుతుందో చెప్పలేం. నాది ఒక కథ పత్రికలో రావడానికి, మొదటి అక్షరం రాసినాక తొమ్మిదేళ్లు పట్టింది. రేషన్ కార్డు నుంచి బ్యాంకు పుస్తకం దాకా నా పేరు పక్కన "వైఫ్ ఆఫ్ లేట్" అని ఉండేది. ఆ ఆదివారం పేపర్లో నా పేరు ఒక్కటే ఉంది. టవర్ క్లాక్ దగ్గర పేపరు కొని, అక్కడే నిలబడి, కథ చదవకుండా పేరే చూశాను చాలాసేపు.

నీకు రెండు వందల పేజీల పుస్తకం ఒకటి మీ నాయన చేత పంపిస్తున్నా, గళ్లు లేనిది, ఎందుకంటే గళ్లున్నది చూస్తే జమాఖర్చులే రాయబుద్ధవుతుంది. మొదటి పేజీలో నీ పేరు రాసుకో, ఇంటి పేరు ఏది పెట్టాలా అని ఆలోచించకుండా పేరు ఒక్కటే. సంక్రాంతికి ఎట్లాగూ వస్తావు కదా, పుస్తకం వెంట తెచ్చుకో. చూపించమని అడగను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో ఆ మూల నువ్వు, ఈ మూల నేను కూర్చుని రాసుకుందాం, చింతాకు పప్పు చేస్తా.

మీ అత్త
అనంతపురం