ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా? ఇంట్లోకి డబ్బు ఎట్లా వస్తుందో చూసి తేల్చుకోండి

మీరు అడిగింది: ఇంట్లో నాలుగు నంబర్లు, అన్నిటికీ 299 రీఛార్జ్‌లే. షాపతను ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ తీసుకోమంటున్నాడు. యూకేలో ఉన్న మీ తమ్ముడేమో అక్కడ కాంట్రాక్ట్‌లో ఫోన్ కూడా వస్తుందంటున్నాడు. ఏది లాభం? మాది కడప. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి, బంధువుల ఫోన్లకు రీఛార్జ్ వేసే పని కూడా నా నెత్తినే పడింది కాబట్టి చెబుతున్నా.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. యూకేలో కాంట్రాక్ట్ అంటే ఎక్కువగా 24 నెలల ఒప్పందం, ఫోన్ ఖరీదు కూడా నెల బిల్లులోనే కలిపి వసూలు చేస్తారు. మన దగ్గర ఆ పద్ధతి నిలబడలేదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కడితే సీడీఎంఏ అనే పాత రకం ఫోన్ చేతికిచ్చి, మిగతాది నెలనెలా కట్టించుకునే స్కీమ్ పెట్టింది. చాలామంది ఫోన్ తీసుకొని బిల్లులు ఎగ్గొట్టారు, కంపెనీకి మొండి బాకీలు మిగిలాయి. ఇప్పుడు ఇక్కడ ఫోన్ కొనాలంటే షోరూంలో ఈఎంఐ పెట్టుకుంటాం, సిమ్ వేరే. నన్నడిగితే మనకు ఇదే నయం. సిగ్నల్ బాగాలేకపోతే కంపెనీ మార్చేస్తాం, ఫోన్ ఈఎంఐ దారి దానిదే.

ఇక ధరలు. 299 అంటే నెలకు 299 కాదు, 28 రోజులకు. ఏడాదికి 13 సార్లు వేయాలి, అంటే 3,887. నెల లెక్కన 324 పడుతుంది. ఈ 28 రోజుల గోల మీద ఫిర్యాదులు ఎక్కువై, 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్లాన్ కనీసం ఒక్కోటైనా ఉంచాలి అని. ఉంచారు గానీ, యాప్‌లో కిందిదాకా వెతికితే తప్ప కంటబడవు.

పోస్ట్‌పెయిడ్‌లో మెలిక ఇంకోచోట ఉంది. ప్రకటనలో కనిపించే ధర మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. 449 ప్లాన్ బిల్లులోకి వచ్చేసరికి 530. ప్రీపెయిడ్‌లో పన్ను కలిపే ధర చెబుతారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఒక్క నంబరుకైతే పోస్ట్‌పెయిడ్ గిట్టదు. నాలుగు నంబర్లయితే లెక్క మారుతుంది. 449 మీద అదనపు సిమ్ 150 చొప్పున మూడు వేసుకున్నారనుకోండి. 899, పన్నుతో 1,061. మీరిప్పుడు నాలుగు 299లకు నెలకు దాదాపు 1,296 పెడుతున్నారు. నెలకు 235 మిగులుతుంది, షాపతను అబద్ధం చెప్పలేదు.

కాకపోతే డేటా సంగతి అతను చెప్పి ఉండడు. మీ 299లో రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంటే నాలుగు ఫోన్లకు కలిపి నెలకు 180 జీబీ దాకా అవుతుంది. ఫ్యామిలీ ప్లాన్‌లో అంత ఉండదు. పైగా అది అందరికీ కలిపి ఒకే తొట్టి, ముందు వచ్చినవాడు తాగేస్తాడు. మా అబ్బాయి తిరుపతి హాస్టల్‌లో ఐపీఎల్ చూస్తుంటే ఇక్కడ మా ఆవిడ ఫోన్‌లో వాట్సాప్ ఫొటో కూడా తెరుచుకునేది కాదు. తల్లీకొడుకుల మధ్య నేను పంచాయితీ చేయాల్సి వచ్చేది. వాడి నంబరు తీసి ప్రీపెయిడ్‌లో వేశాం, ఇల్లు సర్దుకుంది. ప్రీపెయిడ్ రోజు కోటాలో ఆ సుఖం ఉంది: ఎంత తగలేసినా అర్ధరాత్రి దాటితే మళ్లీ వస్తుంది. వాడకుండా మిగిలింది అదే అర్ధరాత్రి పోతుంది, అది వేరే విషయం. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు రోజు కోటా చాలావరకు దండగే, వాళ్లకు నెలంతా కలిపి వాడుకునే ఉమ్మడి డేటా బాగా సరిపోతుంది.

నా మటుకు నేను రూపాయల తేడా కంటే ముందు ఇంట్లోకి డబ్బు ఎట్లా వస్తుందో చూస్తా. ఒకటో తారీఖు జీతం బ్యాంకులో పడేవాళ్లకు పోస్ట్‌పెయిడ్ ఇబ్బంది లేదు. ఆటో డెబిట్ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. చిన్న అంగడి, ఆటో నడిపేవాళ్లకు ప్రీపెయిడే మేలు. చేతిలో డబ్బు ఆడని వారం వస్తే చిన్న రీఛార్జ్‌తో గడుపుకోవచ్చు. పోస్ట్‌పెయిడ్‌లో గడువు దాటితే లేటు ఫీజు, ఆ తర్వాత అవుట్‌గోయింగ్ కట్, ఆ తర్వాత వసూళ్ల వాళ్ల ఫోన్లు.

మా నాయనది మూడో రకం. పులివెందుల దగ్గర ఊళ్లో చీనీ (బత్తాయి) తోట. కాయలు అమ్మినప్పుడే చేతికి డబ్బు, మిగతా నెలలన్నీ మందులకీ ఎరువులకీ సర్దుబాటే. నెట్‌తో పనిలేదు, మాటలు చాలు. నెలనెలా "రీఛార్జ్ అయిపోయింది రా" అని నాకు చెప్పాలంటే ఆయనకు మొహమాటం, చెప్పకుండా రెండ్రోజులు ఊరికే ఉండిపోతాడు. ఆయనకు ఏడాది ప్లాన్ వేసేశాం. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పాక, మరుసటి నెల నుంచి డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. వచ్చిన కొద్ది రోజులకే తగ్గించిన ధరలు: ఎయిర్‌టెల్‌లో 365 రోజులకు 1,849, జియోలో 336 రోజులకు 1,748. (చూశారా, ఏడాదిని కూడా 28తోనే కోశారు.) ఏదైనా నెలకు 160 లోపే. మీ నాలుగు నంబర్లలో పెద్దవాళ్లది ఉంటే దానికి 299 వేయడం శుద్ధ దండగ.

మా బావమరిది కువైట్‌లో ఉన్నాడు. రాయచోటి, రాజంపేట వైపు ఊరూరా ఉన్నారు అట్లాంటివాళ్లు. బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్ బతికుండాలి, అంతే. దానికి ప్రీపెయిడ్ తప్ప వేరే ఆలోచన వద్దు. రోమింగ్ ప్యాక్ లేకుండా అక్కడ డేటా ఆన్ అయిందా, ప్రీపెయిడ్‌లో పోయేది బ్యాలెన్స్ మాత్రమే, పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు ఇంటికొస్తుంది. ట్రాయ్ నిబంధన ప్రకారం వాడకపోయినా 90 రోజుల దాకా నంబరు తీసేయకూడదు. అట్లాగని వ్యాలిడిటీ వదిలేయొద్దు, నంబరు మిగిలినా ఇన్‌కమింగ్ ఆగిపోతే ఓటీపీ రాదు.

పోస్ట్‌పెయిడ్‌కు ఎవరూ పెద్దగా చెప్పని లాభం ఒకటుంది. రెండు నెలలలోపు పోస్ట్‌పెయిడ్ బిల్లును చిరునామా రుజువుగా చూపవచ్చని రిజర్వ్ బ్యాంక్ కేవైసీ నిబంధనల్లోనే ఉంది. ఆధార్‌లో పాత ఊరు, కాపురం అద్దె ఇంట్లో, కరెంటు బిల్లు ఓనర్ పేరున ఉన్నవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. అయితే తర్వాత ఆధార్‌లో చిరునామా మార్పించి బ్యాంకులో ఇవ్వాలి. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులైతే బిల్లును జీఎస్‌టీ నంబరు మీద తీసుకుంటే కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌లో చూపి, తాము కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గించుకోవచ్చు.

మీ ఇంటికైతే నేను ఇట్లా చేస్తా: వైఫై దగ్గర ఉండేవాళ్లు ముగ్గురైనా ఉంటే ఫ్యామిలీ ప్లాన్‌లో వేస్తా (ఇద్దరికే అయితే పన్నుతో రెండు 299ల కంటే ఎక్కువవుతుంది), నెట్ వాడని పెద్దవాళ్లకు ఏడాది ప్లాన్, కాలేజీ పిల్లలకు రోజు కోటా. మారే ముందు వేరే కంపెనీ ఆలోచన ఉంటే అది ఇప్పుడే తేల్చుకోండి. ఉన్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, 1900కి PORT అని రాసి నంబరు ఎస్సెమ్మెస్ చేస్తే అదే నంబరుతో కంపెనీ మారే (పోర్ట్) కోడ్ వస్తుంది, అది 4 రోజులే పనిచేస్తుంది. పోస్ట్‌పెయిడ్‌లోకి వెళ్లాక బయటికి రావాలంటే ఇచ్చిన బిల్లు బాకీ లేకుండా కట్టి ఉండాలి, లేకపోతే పోర్ట్ అవదు.