వేలి చుక్కతో విటమిన్ డి పరీక్ష: ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: నా వయసు 41. పలాసలో జీడి పరిశ్రమలో పప్పు ఏరే పని చేస్తాను. ఏడాదిగా నడుము, తొడలు లాగుతున్నాయి. చేయి ఆనించకుండా పీట మీద నుంచి లేవలేకపోతున్నాను. మా వీధిలో పెట్టిన ఆరోగ్య శిబిరంలో వేలికి సూది గుచ్చి, పావుగంటలో విటమిన్ డి 14 ఉందని చెప్పి, వారానికొకటి చొప్పున వాడమని 60,000 యూనిట్ల పొడి పొట్లాలు ఎనిమిది అమ్మారు. రెండు వాడాక అనుమానం వచ్చి ల్యాబ్‌లో చేతి నరం నుంచి రక్తం ఇస్తే 23 వచ్చింది. శిబిరం వాళ్లు మోసం చేసినట్టేనా? మిగిలిన పొట్లాలు మా అత్తగారికి వేయవచ్చా? ఆవిడకు క్రియాటినిన్ కాస్త ఎక్కువ ఉందన్నారు.
– ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పాలి. అత్తగారికి ఆ పొట్లాలు వేయకండి. క్రియాటినిన్ ఎక్కువగా ఉందంటే మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. తిండి ద్వారా వచ్చినా, ఎండ వల్ల చర్మంలో తయారైనా, విటమిన్ డి ముందు కాలేయంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి అనే రూపానికి మారుతుంది. శిబిరంలోనైనా ల్యాబ్‌లోనైనా కొలిచేది దీన్నే. శరీరం నిజంగా వాడుకునే రూపం మాత్రం ఆ తరువాత ప్రధానంగా మూత్రపిండాలలో తయారవుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఈ రెండో పని మందగిస్తుంది కనుక, ఈ ఒక్క అంకెను చూసి వారికి మందు నిర్ణయించడం కుదరదు. క్యాల్షియం, ఫాస్ఫరస్, రక్తంలో క్యాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూడాలి. కొందరికి ఈ పొడికి బదులు కాల్సిట్రయాల్ అనే వేరే మందు అవసరమవుతుంది. ఇవేవీ చూడకుండా ఎక్కువ మోతాదు వేస్తే రక్తంలో క్యాల్షియం పెరిగి, ఉన్న మూత్రపిండాలకు మరింత చేటు జరగవచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలుకొని మీ పలాస దాకా ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో మూత్రపిండాల జబ్బు ఉంది. అలాంటి చోట క్రియాటినిన్ ఎంతో అడగకుండా పొట్లాలు అమ్మే శిబిరం మీద నాకు సదభిప్రాయం లేదు. 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మీ పలాసలోనే ఉన్నాయి. అత్తగారిని అక్కడ చూపించండి.

ఇక మోసం సంగతి. మీరు రెండు పొట్లాలు, అంటే 1,20,000 యూనిట్లు వాడిన తరువాత ల్యాబ్‌కు వెళ్లారు. ఆ మోతాదుతో రక్తంలో అంకె కొంత పెరిగి తీరుతుంది. అందుచేత 14ను, 23ను పక్కపక్కన పెట్టి ఏది తప్పో తేల్చలేము. మందు మొదలుపెట్టకముందే ల్యాబ్‌కు వెళ్లి ఉంటే ఆ పోలికకు అర్థం ఉండేది.

అయితే వేలి చుక్క పరీక్షకు కొన్ని పరిమితులు ఉన్న మాట నిజం. ఆ చిన్న ప్లాస్టిక్ పలక లోపలి కాగితం మీద రంగు కణాలు అంటించిన యాంటీబాడీలు, అంటే విటమిన్ డిని పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి. రక్తపు చుక్కలోని విటమిన్ డి, గీత దగ్గర ముందే అతికించి ఉంచిన విటమిన్ డి, ఈ రెండూ ఆ యాంటీబాడీల కోసం పోటీ పడతాయి. రక్తంలో విటమిన్ ఎక్కువగా ఉంటే గీత వద్దకు చేరే రంగు తగ్గిపోతుంది. గర్భ పరీక్షలోనూ కోవిడ్ పరీక్షలోనూ గీత కనిపిస్తే వెతుకుతున్నది ఉన్నట్టు లెక్క. విటమిన్ డి కిట్లలో ఎక్కువ వాటికి లెక్క తిరగబడి, గీత ముదురుగా ఉంటే లోపమనీ, పాలిపోతే విటమిన్ బాగానే ఉందనీ అర్థం. ఆ రంగును కంటితో చూసి రంగుల పట్టీతో పోల్చారో, యంత్రంలో పెట్టి చదివారో మీరు రాయలేదు. కంటితో చూసినదైతే అది లోపం, మధ్యస్థం, సరిపడా అన్న విభజన వరకే పనికివస్తుంది. 14 అని కచ్చితంగా అంకె చెప్పడానికి ఆధారం చాలదు.

చుక్క తీసిన తీరు కూడా ముఖ్యమే. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి చుక్క పలచబడుతుంది. మొదటి చుక్కను దూదితో తుడిచేసి, స్పిరిట్ పూర్తిగా ఆరిన వేలి నుంచి రెండో చుక్కను తీసుకోవాలి. విటమిన్ డి ఎర్ర కణాలలో కాక రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఉంటుంది కాబట్టి, రక్తహీనత ఉన్నవారి చుక్కలో ప్లాస్మా వంతు పెరిగి, దానికి తగిన సవరణ చేయని పరికరాలలో అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే వీలుంది. చాలా కిట్లను 30 డిగ్రీల లోపు ఉంచమని పెట్టె మీద రాసి ఉంటుంది. మే నెలలో షామియానా కింద బల్ల మీద పొద్దుట నుంచి పడి ఉన్న పెట్టె ఎంత వేడెక్కుతుందో నేను చెప్పనక్కరలేదు.

హద్దుల విషయంలో వైద్య సంస్థల మధ్యే ఏకాభిప్రాయం లేదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకు తగ్గితే లోపమని చాలామంది ఒప్పుకుంటారు. 2011లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలన్నది. అదే ఏడాది అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఎక్కువమందికి 20 చాలన్నది. 2024లో ఎండోక్రైన్ సొసైటీ తన 30 గీతను తానే వదులుకుని, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే ఈ పరీక్ష చేయించనక్కరలేదని చెప్పింది. మీకు మాత్రం పరీక్ష అవసరమే. పీట మీద నుంచి లేవలేకపోవడం తొడల కండరాల బలహీనతకు గుర్తు కావచ్చు, విటమిన్ డి బాగా తగ్గినప్పుడు అది కనిపిస్తుంది. కాబట్టి మూడో పొట్లం విప్పకముందే క్యాల్షియం, క్రియాటినిన్, ఎముకల స్థితిని సూచించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు చేయించి డాక్టరుకు చూపించండి. అవి సరిగా ఉంటే మిగిలిన మోతాదు బహుశా ఆయనే కొనసాగించమంటారు. వారానికి ఒకటి వాడవలసినదాన్ని పొరపాటున రోజూ వాడి, వాంతులు, విపరీతమైన దాహంతో ఆసుపత్రి పాలైన వారున్నారు కనుక ఆ తేడా ఇంట్లో అందరికీ తెలిసేలా పొట్లం మీద తేదీ రాసుకోండి. తిరిగి పరీక్ష మూడు నెలల తరువాత, అదే ల్యాబ్‌లో చేయించుకుంటే పోల్చడానికి వీలుగా ఉంటుంది.

ప్రశ్న: నేను విజయనగరంలో జ్యూట్ మిల్లు ఉద్యోగిని. రోజూ సూర్యోదయాన మేడ మీద సూర్యనమస్కారాలు చేస్తాను. అయినా వేలి పరీక్షలో లోపమని వచ్చింది. అరసవల్లి దేవుడిని కొలిచే మాకు ఎండ విటమిన్ తక్కువేమిటి?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: నమస్కారాలు మానకండి, వ్యాయామంగా అవి మంచివే. కానీ చర్మంలో విటమిన్ డిని పుట్టించేది అతినీలలోహిత కిరణాలలోని బి రకం. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఈ కిరణాలు వాతావరణంలో చాలా దూరం ప్రయాణించవలసి రావడం వల్ల నేలకు దాదాపుగా చేరవు. మన రాష్ట్రంలోనే తిరుపతిలో చేసిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యే ఇది బాగా తయారవుతుందని తేలింది. ఆ వేళకు మీరు మిల్లు షెడ్డులో ఉంటారు; కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఈ పనికి ఎందుకూ కొరగాదు. సెలవు రోజున చేతులు, కాళ్లు కప్పకుండా కాసేపు ఆ సమయంలో ఎండలో తిరగండి. రోహిణి కార్తెలో మాత్రం ఈ సలహా పాటించవద్దు, వడదెబ్బ అంతకంటే పెద్ద ప్రమాదం. ఒంట్లో బాధలేవీ లేకపోతే వేలి పరీక్ష ఫలితం ఒక్కదాన్ని పట్టుకుని మందు మొదలుపెట్టకుండా, ల్యాబ్‌లో ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్‌లోనే విటమిన్ డి కూడా చూడవచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: కుదరదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల విటమిన్ డి దానిలో 50 వేలో వంతు మాత్రమే. పైగా షుగర్ స్ట్రిప్‌లోని ఎంజైము చక్కెరతోనే చర్య జరుపుతుంది, విటమిన్‌ను గుర్తించలేదు. గుచ్చే సూది ఒకే రకమైనదైనా పలక, యంత్రం వేరువేరుగా ఉండవలసిందే. సూదిని మాత్రం ఒకరికి వాడినది మరొకరికి వాడనివ్వకండి. శిబిరంలో మీ కళ్ల ముందు కొత్తది విప్పమని అడగండి.