రైతుబంధు పైసలు మా ఇంట్లో ఏం మార్చాయి

అడిగిన ప్రశ్న ఇది: "ప్రభుత్వం రైతుల ఖాతాల్లో నేరుగా వేసే డబ్బు వల్ల పల్లెటూరి కుటుంబాల బతుకు నిజంగా మారుతుందా? లేక వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుందా? మీ ఇంట్లో జరిగింది చెప్పండి."

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు ఒక ఊరు. మూడెకరాల పది గుంటల చెల్క. రెండుసార్లు బోరు వేయిస్తే రెండూ ఎండిపోయాయి, అప్పట్నుంచి వాన మీద ఆధారపడి పత్తి పెడతాం. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నేను నర్సు కావడానికీ రైతుబంధుకీ, అంటే పంట పెట్టుబడికి తెలంగాణ ప్రభుత్వం ఎకరాకు ఇంత అని రైతులకు ఇచ్చిన పైసలకీ, సంబంధం ఉంది. అయినా ఆ పైసల్లో ఒక్క రూపాయి కూడా నా ఫీజుకు పోలేదు. ఇది అర్థం కావాలంటే ముందు ఎరువుల దుకాణం సేటు లెక్క చెప్పాలి.

2018కి ముందు ప్రతి ఏడూ ఒకటే కథ. మృగశిర కార్తె దగ్గర పడుతుంటే నాయన మండలంలో ఉన్న ఎరువుల దుకాణానికి పోయేవాడు. విత్తనాలు, ఎరువులు, ఆ తర్వాత పురుగు మందులు అన్నీ అక్కడే, అన్నీ ఉద్దెరే. పంట చేతికొచ్చేసరికి దాదాపు 35 వేల సరుకు అయ్యేది. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. ఆరు నెలలకు మిత్తే 4,200. ఇది చీటీ మీద కనిపించే లెక్క. కనిపించని లెక్క ఇంకొకటి ఉంది. ఉద్దెర ఇచ్చిన సేటుకే పత్తి వేయాలి. తేమ ఎక్కువుందనో, పింజ పొట్టిగా ఉందనో చెప్పి క్వింటాలుకు రెండు మూడు వందలు తగ్గించి కట్టేవాడు. మాకు పద్దెనిమిది క్వింటాళ్లు వచ్చిన ఏడు, 300 చొప్పున 5,400 అక్కడే పోయేవి. రెండూ కలిపితే పదివేలకు దగ్గర. చేతిలో పైసలు లేక పంటకు ముందే మేం కట్టుకున్న జరిమానా అది. ఆయన చెడ్డవాడని అనను, ఆ ఉద్దెర లేకపోతే మేం విత్తనమే పెట్టలేకపోయేవాళ్లం. కానీ పత్తి ట్రాలీలో ఎక్కిన రోజు నాయన ముఖం నాకింకా గుర్తుంది. పంట పోతుంది, ఇంటికి వచ్చేదేమీ ఉండదు, పాత చీటీ చింపి కొత్త చీటీ రాస్తారు.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4,000 చొప్పున, ఏడాదికి రెండు పంటలకు. మొదటిసారి చెక్కులు ఇచ్చారు. మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి, పేరు పిలిచి, కొత్త పట్టాదారు పాసుపుస్తకం, చెక్కు కలిపి చేతిలో పెట్టారు. నేను అప్పుడే ఇంటర్ రాసి ఇంట్లో ఉన్నాను. నాయన చెక్కు తెచ్చి నాకిచ్చి, అంకెలు రెండుసార్లు చదివించుకున్నాడు. పదమూడు వేలు. తర్వాత పాసుపుస్తకం తెరిచి తన ఫొటో మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

ఆ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పైసల కంటే ముందు మారింది అదే. మా తాత పోయి పదేళ్లు దాటినా భూమి ఆయన పేరు మీదే ఉండేది. నాయన వాళ్లు ముగ్గురన్నదమ్ములు. ఎవరి చెల్క వాళ్లు దున్నుకుంటున్నారు గానీ విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పు, చేయించుకోలేదు. గట్టు దగ్గర తగాదా, మాటలు బంద్. 2017లో భూరికార్డుల ప్రక్షాళన పెట్టినప్పుడు, ఎకరాకు 4,000 వస్తుందని అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి ముగ్గురూ కూర్చున్నారు. పెద్దనాయన పెద్దమనిషి తరహాలో గట్టు మీద ఒక సాలు వదిలేశాడు. పొత్తుల భూమి మూడు పుస్తకాలయింది. మా చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇలాగే తెగింది. తెగనివీ ఉన్నాయి. తెల్ల కాగితం మీద, అంటే సాదా బైనామా మీద కొనుక్కున్నవాళ్లు ఏళ్లుగా దున్నుతున్నా పుస్తకం రాక చెక్కు కూడా అందుకోలేకపోయారు.

ఇక ఆ పదమూడు వేలు. పత్తి విత్తనాల ప్యాకెట్ అప్పుడు 740 రూపాయలు. మూడెకరాలకు ఆరు ప్యాకెట్లు, 4,440. మిగిలింది దుక్కికి, మొదటి ఎరువుకు సరిపోయింది. తర్వాత కావాల్సినవాటికి అమ్మ మహిళా సంఘంలో తక్కువ మిత్తికి అప్పు తీసింది. ఆ ఏడు నాయన సేటు దుకాణం మెట్లెక్కలేదు. పత్తి తీసినాక ఎవరికి వేయాలన్నది మా ఇష్టం అయింది. ఆ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర 5,450. జిన్నింగ్ మిల్లులో పెట్టిన సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కేంద్రానికి ట్రాలీ కట్టుకుని పోయారు. రాత్రంతా లైన్‌లో ఉండి, పొద్దున తూకం వేయించుకుని వచ్చారు. పైసలు నేరుగా ఖాతాలో పడ్డాయి. ఎవరికీ కట్టాల్సిన పని లేదు. నా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి ఏడు ఫీజు ఆ పత్తి పైసల్లోంచి కట్టారు.

అందుకే అంటున్నాను, ఏ పైసలు దేనికి పోయాయన్నది ఖాతా చూస్తే తెలియదు. ఎవరైనా సర్వేకు వచ్చి "రైతుబంధు దేనికి ఖర్చు పెట్టారు?" అని అడిగితే నాయన "విత్తనాలకు, ఎరువులకు" అనే చెప్తాడు. అది నిజమే. కానీ అది జరగడం వల్ల ఇంకేం జరిగిందన్నది ఆ జవాబులో ఉండదు. ఆ ఎండాకాలంలోనే నాకు ఒక సంబంధం వచ్చింది. పద్దెనిమిది నిండగానే చేసేద్దాం, కళ్యాణలక్ష్మి కింద 1,00,116 వస్తుంది కదా అని మేనత్త గట్టిగా పట్టుబట్టింది. ఆ చెక్కు పెళ్లయ్యాక దరఖాస్తు పెట్టుకుంటే నెలల తర్వాత వచ్చేది, పెళ్లి ఖర్చుకు ముందు అప్పు తేవాల్సిందే. అమ్మ ఒప్పుకోలేదు. "ఈసారి సేటు బాకీ లేదు, పిల్లను చదివిద్దాం" అంది. బాకీ ఉండి ఉంటే అమ్మ ఆ మాట అనగలిగేది కాదు. ఈ రోజు కూడా ఆమెను అడిగితే అదే చెప్తుంది.

మీ ప్రశ్నలో "వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుందా" అని ఉంది. అది చాలావరకు ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మాట నొక్కి చెప్పాలి. జూన్ మొదటి వారంలో, విత్తనం పెట్టకముందు పడితే అది పెట్టుబడి. ఆగస్టులో పడితే అప్పటికే తెచ్చిన అప్పుకు మిత్తి. మొత్తం అదే, పుస్తకం అదే, మనుషులు వాళ్లే. తక్కువ భూమి ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ఎకరాల వరుసలో వేస్తూ పోయేవాళ్లు కాబట్టి మాకు చాలాసార్లు సమయానికే అందాయి. తర్వాత ఎకరాకు 5,000 చేశారు, మాకు 16,250 వచ్చేవి. కానీ ఒక పంటకు ఆలస్యమైంది, 2024 వానాకాలంలో పడలేదు. ఆ జూన్‌లో నాయన రోజూ పొద్దునా సాయంత్రం నాకు ఫోన్ చేసి "మెసేజ్ వచ్చిందా బిడ్డా?" అని అడిగేవాడు, ఖాతాకు నా నంబరే ఉంది కాబట్టి. రాలేదని చెప్పడానికి నాకే టెన్షన్‌గా ఉండేది. చివరికి నా జీతంలోంచి పంపాను. జీతం పంపే మనిషి లేని ఇంట్లో ఏం చేసి ఉంటారో నాకు తెలుసు. సేటు దగ్గరికి పోయి ఉంటారు, ఒకసారి పోతే ఆ చీటీ తెంపుకోవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది.

ఇంకోసారి పడ్డ పైసలను బ్యాంకువాళ్లు పాత పంట రుణం కింద పట్టుకున్నారు. ఏ బ్యాంకో చెప్పను. నాయన మేనేజర్ దగ్గర నిలబడి "సార్, ఇవి విత్తనాలకు ఇచ్చినవి" అని నాలుగుసార్లు చెప్పాడు. పదిహేను రోజులకు వదిలారు. అప్పటికి రెండు మంచి వానలు దాటిపోయాయి.

నేరుగా వచ్చే పైసలంటే రైతుబంధు ఒక్కటే అనుకోవద్దు. మా నాయనమ్మ పింఛన్ గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. తెలంగాణ వచ్చేనాటికి 200 ఉండేది. 2014 నవంబరులో ఆసరా కింద 1,000 చేశారు, 2019లో 2,016. ఊళ్లో పోస్టాఫీసు ఆయన మిషన్ పట్టుకుని కూర్చుంటే ముసలివాళ్లంతా లైన్ కట్టేవాళ్లు. నలభై ఏళ్లు పత్తి ఏరి, నాట్లు వేసి, నాయనమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ పట్టేది కాదు. ఆయన ఓపికగా తడిగుడ్డతో వేలు తుడిచి, ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టించేవాడు. కుడిచేతి ఉంగరపు వేలు పడుతుందని తర్వాత కనిపెట్టారు. అప్పట్నుంచి ఆమె ఆ వేలికి నెలంతా కొబ్బరినూనె రాసుకునేది. పైసలు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చి, బీపీ గోలీలకు ఇంత అని నా చేతికే ఇచ్చేది. అంతకుముందు గోలీలు అయిపోయినా పదిరోజులు చెప్పేది కాదు, కొడుకును అడగాలి కదా అని. పింఛన్ వచ్చాక అడగాల్సిన పని లేకుండా పోయింది. మేనత్త పండక్కి వస్తే చేతిలో ఐదొందలు పెట్టి పంపేది. ముగ్గురు కొడుకుల ఇళ్లలో నెలకొక ఇంట్లో వంతుల మీద తిన్న మనిషి, చివరి నాలుగేళ్లు మా ఇంట్లోనే ఉంటానని తనే చెప్పింది. ఆ చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు.

రైతుబీమా ఫారం నింపడానికి వ్యవసాయ విస్తరణాధికారి వచ్చినప్పుడు నామినీ ఎవరని అడిగారు. నాయన అమ్మ పేరు చెప్పాడు. రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మా భూమికి సంబంధించిన ఒక కాగితం మీద అమ్మ పేరు రాయడం అదే మొదటిసారి. అమ్మ సంతకం నేర్చుకున్నది సంఘం కోసమే, ఆ రోజు ఆ సంతకమే చేసింది.

పైసలు ఊరికే ఇస్తే సోమరులవుతారు, తాగుతారు అన్న మాట ఈ ప్రశ్నకు జవాబుగా చాలామంది రాశారు. మా ఊళ్లో తాగేవాళ్లు 2018కి ముందూ తాగేవాళ్లే. ఎకరాకు నాలుగైదు వేలతో పని మానేసి కూర్చున్నవాళ్లను నేను చూడలేదు, ఎందుకంటే ఎకరా పత్తికి అయ్యే ఖర్చులో అది సగం కూడా రాదు. మధ్యప్రదేశ్‌లో 2011-12 ప్రాంతంలో సేవా (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో ఎనిమిది పల్లెల్లో ప్రతి మనిషికీ నెలనెలా కొద్ది మొత్తం ఇచ్చి చూసింది. అక్కడ కూడా తాగుడు పెరగలేదు, చాలామంది కూలికి పోవడం తగ్గించి సొంత చేను మీద ఎక్కువ పని చేశారు. మా ఇంట్లో జరిగిందీ అదే. జూన్ నెలలో అమ్మ వేరేవాళ్ల చేలోకి కూలికి పోవడం మానేసి మా చేలో విత్తనం పెట్టింది.

అయితే ఈ పథకం ఎవరి దగ్గరికి రాలేదో అది చెప్పకుండా బాగుందని అంటే నాకు మనసొప్పదు. మా చెల్కను ఆనుకుని నాలుగెకరాలు ఉంది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. దున్నేది మేం మామా అని పిలిచే ఒకాయన, కౌలుకు. దుక్కి, విత్తనం, మందు, కూలీలు అన్నీ ఆయనవే. రైతుబంధు మాత్రం ఎకరాకు ఏడాదికి 10,000 చొప్పున పట్టాదారు ఖాతాలో పడేది. కౌలు ఎకరాకు 8,000 ఉన్నది 10,000 అయింది, తగ్గలేదు. రైతుబీమా కూడా పుస్తకం ఉన్నవాళ్లకే. మామకు రేపు ఏమన్నా అయితే అత్తకు వచ్చేదేమీ లేదు. 2011లోనే కౌలు రైతులకు గుర్తింపు కార్డులివ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. కార్డు ఇస్తే భూమి పోతుందేమోనని పట్టాదారులు ఒప్పుకోరు, అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వరని కౌలుదారు అడగడు. ఆంధ్రలో 2019 తర్వాత రైతు భరోసా ఇచ్చినప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కూడా 13,500 పెట్టారు, కానీ అక్కడ కూడా పట్టాదారు సంతకం పెడితేనే కార్డు. ఈ ముడి విప్పకుండా ఎకరాకు ఎంత పెంచినా మామ లాంటివాళ్లకు కౌలు పెరగడమే మిగులుతుంది.

మా తెలంగాణలో 2025 జనవరిలో రైతుబంధును రైతు భరోసా పేరుతో పంటకు ఎకరాకు 6,000 చేశారు. మాకు 19,500. 2025 జూన్‌లో సమయానికే పడ్డాయి. నాయన ఫోన్ చేయకముందే నేను చేసి చెప్పాను.

మామ కూతురు ఈ ఏడు ఇంటర్ రెండో సంవత్సరం. పోయిన ఆదివారం నాకు ఫోన్ చేసి జీఎన్‌ఎంకు ఫీజు ఎంతవుతుంది అక్కా, ఎప్పుడు కట్టాలి అని అడిగింది. మొదటి ఏడుది అక్టోబరులో కట్టాల్సి వస్తుందని చెప్పాను. అప్పటికి పత్తి తీస్తారు కదా అంది. వాళ్ల నాయన ఈ ఏడు కూడా విత్తనాలు సేటు దగ్గరే తెచ్చాడు.