సొంత పాటలతో కోనసీమలోనే ఉండి బతకొచ్చా?

నాకు ఉత్తరం రాసిన ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: ‘గిటార్ వాయిస్తాను, పాటలు నేనే రాసుకుంటాను. మన పల్లె బాణీల్ని రాక్‌తో కలిపి పాడాలని ఉంది. సినిమాల వైపు పోకుండా, హైదరాబాద్‌లో మకాం పెట్టకుండా, అమలాపురం దగ్గర మా ఊళ్లోనే ఉండి దీంతో బతకగలనా?’

బతకగలవు. నేను బతుకుతున్నాను. కాకపోతే డబ్బు నువ్వు అనుకుంటున్న వైపు నుంచి రాదు. ఒక్కటి మాత్రం ముందే తేల్చుకుని దిగు: పాట ఎవరిది? నువ్వు ఊళ్లో విని తెచ్చుకున్న పాట ఎవరి నోటిదో, నువ్వు రాసిన పాట రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకుని నడిస్తే ఈ పని ఇక్కడ నిలబడుతుంది. ఇది తేల్చుకోక మంచి గొంతున్న వాళ్లే మధ్యలో వదిలేయడం చూశాను.

మాది రాజోలు వైపు. గోదావరి పాయ వశిష్ఠ గట్టు పక్కనే పెరిగాను. ఇంటర్ పాలకొల్లులో, ఇంజినీరింగ్ భీమవరంలో. గిటార్ హాస్టల్లో పట్టుబడింది. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు కెఫేల్లో పాడేదాన్ని. విన్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు, మంచివాళ్లే, కానీ ప్రతి పాటకీ ముందు సందర్భం చెప్పుకోవాల్సి వచ్చేది. సెలవుకి వచ్చినప్పుడు నరసాపురంలో ఒక పెళ్లి విడిదిలో నా పంటు పాట ఎత్తుకున్నాను. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి బండ్లనీ మనుషుల్నీ ఎక్కించుకుని వశిష్ఠ దాటించే పంటు మీద రాసింది:

బండి దిగె, బస్తా దిగె, బడిపిల్లలు దిగె
నాతోటి ఎక్కిన బెంగ మాత్రం దిగదే

రెండోసారి పల్లవికి ఆడవాళ్లంతా అందుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. నేను తిరిగి వచ్చేయడానికి అదే కారణం.

జానపదాన్ని రాక్‌తో కలపడం మనం కనిపెట్టింది కాదు. 1965 జులైలో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదికెక్కితే జనంలో కొందరు గోల చేశారు. అదే మనిషికి 2016లో సాహిత్యంలో నోబెల్ ఇచ్చారు. మనకు దగ్గర్లో చూస్తే రఘు దీక్షిత్ ఉన్నాడు. 19వ శతాబ్దపు కన్నడ కవి శిశునాళ షరీఫ్ తత్వాల్ని గిటార్ మీద పాడి కుర్రకారు నోట పెట్టాడు. అతని మొదటి ఆల్బం 2008లో వచ్చింది. పాట షరీఫ్‌దని ప్రతి చోటా చెబుతాడు, అది నాకు చాలా నచ్చుతుంది. మన దగ్గర ఎలక్ట్రిక్ గిటార్‌ని ఎవరూ కాదనరు, ఆ దిగులు పెట్టుకోకు. ‘సినిమా పాట లేదా అమ్మా?’ అన్న ప్రశ్న ఒక్కటే ఎదురవుతుంది.

ఇక అసలు సంగతి, బాణీలు. నువ్వు యూట్యూబ్‌లో దొరికే జానపదాలు విని నేర్చుకుంటున్నట్టు రాశావు. అవి చాలా వరకు ఎవరో అప్పటికే కీబోర్డుకి సరిపడా చదును చేసినవి. మన డెల్టాలో పాట పుట్టింది పనిలో. ఊడ్పుల్లో (వరి నాట్లలో), పడవ లాగడంలో, జాతరలో తలకెత్తుకుని ఆడే గరగల వెనక డప్పులో. ఊడ్పుల పాటలైతే ఇప్పుడు అరవై దాటిన ఆడవాళ్ల దగ్గరే మిగిలాయి. యంత్రాలతో నాట్లు, వెదజల్లే సాగు వచ్చాక ముఠా కట్టి వరసగా వంగి నాటే చేలు తగ్గిపోతున్నాయి. పని పోతే పాటకి చోటుండదు. రాజమహేంద్రవరం వైపు నేదునూరి గంగాధరం గారి లాంటి వారు ఊరూరా తిరిగి పల్లెపాటలు సేకరించి అచ్చు వేయించారు. కానీ అచ్చులో మాట దొరుకుతుంది, బాణీ దొరకదు. దానికి మనిషి దగ్గర కూర్చోవాల్సిందే.

మా ఊళ్లో ముఠాకి ముందు పాట ఎత్తే మామ్మ ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గరికి మొదట గిటార్ పట్టుకెళ్లలేదు, ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగి ఊరికే విన్నాను. ఇంటికొచ్చి తీగల మీద పెడితే రెండు చిక్కులు తేలాయి. ఒకటి, శ్రుతి. తోడు వాయిద్యం లేకుండా పాడేవాళ్లు ఒక్కోసారి పాట ఊపందుకునే కొద్దీ శ్రుతి కొంచెం కొంచెం పైకి జరుపుకుంటూ పోతారు. చివరి చరణానికి అది ఏ మెట్టులోనూ ఉండదు. రెండోది గాంధారం, అంటే ‘గ’ స్వరం. ఆవిడ పలికే గాంధారం కింది రకమైన సాధారణానికీ, పై రకమైన అంతరానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. గిటార్ మీద కొన్ని స్వరాలు కలిపి మీటే మేజర్ కార్డు వేస్తే ఒకలా గీసుకుంటుంది, మైనర్ వేస్తే ఇంకోలా. ఏది వేసినా పాట ముఖం మారిపోతోంది.

అప్పుడు దొరికింది రాక్ వాళ్లు వాడే పవర్ కార్డు. అందులో షడ్జమం (స), పంచమం (ప) తప్ప గాంధారం ఉండదు. గిటార్ ఆ జాగా ఖాళీగా వదిలేస్తుంది, గొంతు తనకి ఇష్టమైన చోట నిలబడుతుంది. ఆరో తీగని ‘ఈ’ (E) స్వరం నుంచి ‘డి’ (D) కి దించి, కార్డులు మార్చకుండా అదే మోత సాగనిచ్చి, పైన బాణీ పాడి చూడు. జానపదానికీ రాక్‌కీ పొత్తు ఇక్కడే కుదురుతుందని నా గట్టి నమ్మకం. పల్లె బాణీలు చాలా వరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. వాటి కింద నాలుగు కార్డులు గిరగిరా తిప్పితే అది సినిమా పాట అయిపోతుంది.

మర్నాడు గిటార్ పట్టుకెళ్లి మామ్మకి వినిపించాను. కాసేపు విని, ‘బాగానే ఉందమ్మాయ్, మరి వంగి లేచే చోటేదీ?’ అంది. నాటు పెట్టడానికి వంగేటప్పుడు ఒక దెబ్బ, కట్టలోంచి నారు తీసుకునేటప్పుడు చిన్న విరామం, పాట నడక అంతా ఆ ఒంటి కదలికలోంచి వచ్చింది. నేను దాన్ని టిక్ టిక్ మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టి సాపు చేసేశాను కదా. ఆవిడే లేచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, వంగి చూపించింది. ఆ విరామం పెట్టాక మా డ్రమ్మర్ కుర్రాడికి కూడా లయ దానంతటదే పట్టుబడింది.

ఆ పాట ఇప్పుడు వేదిక మీద పాడినప్పుడల్లా ఆవిడ పేరూ, ఆవిడ ముఠా ఊరి పేరూ మైకులో చెప్పి మొదలుపెడతాను. వచ్చిన దాంట్లో ఆవిడకి భాగం ఇస్తాను. చట్టం అడుగుతుందని కాదు. తరతరాలుగా నోటి మీద వచ్చిన బాణీకి కాపీరైట్ ఉండదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఆ మనిషి కళ్లెదురుగా ఉంది, గొంతు ఆవిడది, మనం తీసుకుంటున్నాం.

అలాగని ఎప్పటికీ పాత పాటల్నే పట్టుకుని ఉండకు. ఆ నడక వంటబట్టాక నీ మాటలు రాయి. మన డెల్టాలో రాయడానికి విషయం కరువా? 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలకూల్చింది, వెయ్యి మందికి పైగా పోయారు. 2011 సార్వాకి (ఖరీఫ్ పంటకి) ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. గల్ఫ్ వెళ్లిన అమ్మల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. నేను బాగా పాడగలిగిన పాటలన్నీ వీటిల్లోంచే వచ్చాయి. పచ్చని కొబ్బరాకు, గోదారి గాలి అంటూ రాసినవి ఎవరికీ గుర్తులేవు.

ఇప్పుడు డబ్బు. మాకు పంట కాలం సంక్రాంతి నుంచి వేసవి దాకా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరంలో వారాల తరబడి సాగే మావుళ్లమ్మ ఉత్సవాలు, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ తర్వాత ఊరూరా అమ్మవారి జాతరలు, మధ్యలో పెళ్లిళ్లు. ఆ సమయంలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో మాకు పని దొరుకుతుంది. పెద్ద వేదికే కావాలని పట్టుబట్టొద్దు. చిన్న ఊళ్ల కమిటీలే మళ్లీ మళ్లీ పిలుస్తాయి. ఆషాఢం, వానలు వస్తే మూడు నాలుగు నెలలు దాదాపు ఖాళీ. అందుకే పాలకొల్లులో పిల్లలకి గిటార్, గాత్రం క్లాసులు చెబుతాను. ఇంటి ఖర్చు నెలనెలా వెళ్లేది క్లాసుల మీదే, ఇది దాచుకోవాల్సిన విషయమేం కాదు.

జాతరలో పాటల వరస చాలా ముఖ్యం. రాత్రి మంచు దిగితే డప్పు చర్మం మెత్తబడి మోత చచ్చిపోతుంది. మా డప్పు బాబాయి వేదిక వెనక గడ్డి మంట వేసి కాచుకుని వస్తాడు. ఆ కాసేపూ నేను గిటార్ ఒక్కదాంతో నెమ్మది పాట పాడతాను. పంటు పాట ఎప్పుడూ ఆ చోటులోనే వస్తుంది. డప్పు కాగి కంచులా మోగుతూ తిరిగొచ్చిన మరుక్షణం గరగల దరువు అందుకుంటాం. ఆ ఊపులో సినిమా పాట అడిగిన కుర్రాళ్లే ముందుకొచ్చి ఆడతారు. గిటార్‌కీ ఇక్కడి తేమతో ఇబ్బందే. చెక్క ఉబ్బి తీగలు ఎత్తు లేస్తాయి, స్టీలు తీగలు తుప్పు పడతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టు, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడువు. ఖరీదైన గిటార్ జాతరకి వద్దు.

ఆన్‌లైన్ ఆదాయం మీద ఆశలు పెట్టుకోకు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటని ఏడాదిలో కనీసం 1,000 సార్లు వింటేనే దానికి లెక్క కడతారు. అయినా పాటలు అక్కడ పెట్టాలి. కమిటీ వాళ్లు పిలిచే ముందు ఫోన్‌లో వినేది అవే.

హక్కుల సంగతి మాత్రం జాగ్రత్తగా చదువు. నువ్వు రాసి బాణీ కట్టిన క్షణమే కాపీరైట్ నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 చట్టం ప్రకారం అది నీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. హక్కు ఎవరికైనా బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లుగా భావిస్తారు, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత సినిమాకి ఇచ్చిన పాటకైనా, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించే దానికి తప్ప, మిగతా వాడకాల మీద రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీలో వాటా ఉంటుంది. అందుకని రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకో, పాటలు అందులో నమోదు చెయ్యి. రెండు మూడు పాటలు బయటికి వచ్చాక తీసుకున్నా చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పంటు పాట కోసం ఒక ఆడియో సంస్థ వచ్చింది. కాగితంలో ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇక ముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ’ అని ఉంది, ఇచ్చేది ఒక్కసారి ఇచ్చే చిన్న మొత్తం. సంతకం పెట్టలేదు. ఇంకోసారి జాతరలో నేను పాడింది ఎవరో ఫోన్‌లో తీసి తమ చానల్‌లో తమ పేరుతో పెట్టుకున్నారు. నా మొదటి రికార్డింగులు తేదీలతో సహా ఉన్నాయి కాబట్టి యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు పెట్టి తీయించగలిగాను. నువ్వు కూడా ప్రతి పాటకీ తొలి ఫోన్ రికార్డింగ్, చిత్తుప్రతి దాచుకో. మరో మాట: జానపద బాణీని నువ్వు సొంతంగా పాడి పెట్టినా అదే బాణీ ముందే పెట్టిన కంపెనీ పేరుతో యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. భయపడి తీసేయకు. బాణీ జానపదమనీ, రికార్డింగ్ నీదనీ రాసి అభ్యంతరం పెట్టు.

హైదరాబాద్ అవసరం పూర్తిగా లేదనను. మిక్సింగ్‌కి నేనూ అక్కడికే వెళతాను. అక్కడి చౌరస్తా బ్యాండ్ లాంటి వాళ్లు పల్లె పాటని బ్యాండ్‌తో వినిపించి మా అందరికీ దారి తేలిక చేశారు. పని చేయించుకుని రాత్రి బస్సెక్కి వచ్చేస్తే సరి.

ఇంట్లో అమ్మ టెన్షన్ పడుతోందన్నావు. ముందు డిగ్రీ పూర్తి చెయ్యి, వెంటనే నలుగురు పిల్లలకి క్లాసులు మొదలుపెట్టు, ఆవిడ కంగారు సగం అక్కడే తగ్గుతుంది. ఈ సార్వా ఊడ్పులప్పుడు మీ ఊరి ముఠా దగ్గర కూర్చో. సంక్రాంతి కార్యక్రమాలు డిసెంబరులోనే ఖాయమైపోతుంటాయి కాబట్టి నెల మొదట్లోనే కమిటీ పెద్దల్ని కలువు. పూర్తి కచేరీ అడగొద్దు, కోలాటానికీ నాటకానికీ మధ్య పావుగంట ఇప్పించమను. మొదటి ఏడాదికి అది చాలు.