సకలం, వికలం, మధ్యలో దివ్యం

సందేహం: మా అమ్మాయికి పుట్టుకతోనే ఒక కాలు చచ్చుబడింది, చంకకర్రలతో నడుస్తుంది. ఉద్యోగం వచ్చిందని వీధివాళ్లు సన్మానం పెట్టి, ఫ్లెక్సీ మీద 'దివ్యాంగురాలు' అని వేయించారు. తనేమో "వికలాంగురాలనండి, లేకపోతే ఊరికే పేరు వేయండి" అంటుంది. వికలాంగురాలు అనేది తిట్టులాంటి మాట అంటున్నారు అందరూ. ఏది ఒప్పు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, వికలం తిట్టు కాదు, లెక్క. 'కలా తు షోడశో భాగః' అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు. కల అంటే చంద్రుడిలో పదహారో వంతు, మనం చంద్రకళ అని ళ పెట్టి పలికేది అదే. కలలన్నీ ఉంటే సకలం, ఏదైనా లోపిస్తే వికలం. రోజూ సకలం, సకలం అంటూ దాని తోబుట్టువుని మాత్రం గడప దాటనివ్వం! చవితినాటి చంద్రుడు వికలుడే, అయినా వినాయక చవితి రాత్రి ఆయన కంట పడకుండా ఊరంతా తల దించుకుని నడుస్తుంది. ఇప్పుడు వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో డాక్టరు చేసేదీ కలలు లెక్కపెట్టడమే, కాకపోతే పదహారో వంతుల్లో కాదు, శాతాల్లో. 40 గానీ ఆపైన గానీ ఉంటే రాయితీలకు అర్హత. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టం వాటిని 21 చేసింది. ఒళ్లు మారలేదు, గీత జరిగింది. 'మనసు వికలమైంది' అనేదీ ఈ మాటే.

ఇక దివ్యం. దివి అంటే స్వర్గం కాబట్టి దివ్యాంగుడంటే దేవలోకపు ఒళ్లు గలవాడని అర్థం, రంభకీ ఊర్వశికీ సరిగ్గా సరిపోతుంది. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో చెప్పిన హిందీ మాట ఇది, మనవాళ్లు విభక్తి తగిలించి దింపేసుకున్నారు. మన ప్రభుత్వం వాడే 'విభిన్న ప్రతిభావంతులు' ఇంకో తంటా, ప్రతిభ లేని మామూలు మనిషిగా బతికే వీలు కూడా లేకుండా చేసింది. విజయవాడలో ఒక ఆఫీసులో 'దివ్యాంగుల కౌంటర్' అన్న బోర్డు చూశాను, దాని ముందు మూడు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. కింద చక్రాల కుర్చీలో ఒకాయన కాగితాలు ఒళ్లో పెట్టుకుని, పైకి తీసుకెళ్లి ఇవ్వమని వచ్చేపోయేవాళ్లని అడుగుతున్నాడు. అక్కడ వికలమైంది ఆయన కాళ్లా, మెట్లా?

ఆదిపర్వం చూడండి. చూపు లేదని ధృతరాష్ట్రుడికి పట్టం కట్టలేదు. తీరా పాండురాజు అడవికి పోయాక ఏలింది ఆయనే, కొత్తగా కళ్లేమీ రాలేదు. చూపుండీ గంతలు కట్టుకున్న గాంధారి మాత్రం మహాపతివ్రత! ఇద్దరి ముందూ ఉన్నది ఒకే చీకటి, లోకం పెట్టిన పేర్లే వేరు. అదీగాక ఆవిడది తను కోరి కట్టుకున్న గంత. మీ అమ్మాయిని అడక్కుండా కట్టిన గంత ఆ ఫ్లెక్సీ.

కాబట్టి వికలాంగురాలు ఒప్పే. దివ్యాంగురాలు వ్యాకరణానికి తప్పు కాదు, నా చెవికే తప్పు. ఆ మాటే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లని నేను కాదనను. మీ అమ్మాయి 'ఊరికే పేరు' అంది చూశారా, ఫ్లెక్సీకి నేనైతే అదే వేయిస్తాను. సర్టిఫికెట్‌లో ఏ మాటుంటే దరఖాస్తులో అదే రాయమనండి, అక్కడ భాషాభిమానం చూపిస్తే ఫైలు కదలదు. అన్నట్టు వికలాంగి అనడం కూడా తప్పు కాదు, కాకపోతే వాడుకలో లేదు.